నడపీనుగుల వేడుక

ఈ నెల వ్యాసమునకు మేమెన్నుకొన్న విషయమును చూచి చదువరులు నొసలు చిట్లింతురని మేమెఱుగుదుము. కావ్యములను గూర్చియు, సంఘసంస్కారమును గూర్చియు వ్రాయవలసిన తావున, చచ్చి లేచిన శవములు మనుష్యులను కఱచు చౌక చిత్రములను గూర్చి వ్రాయుట యేల యని యడుగవచ్చును. మా సమాధానమిది. మన యిండ్లలో, మన విద్యార్థుల చేతులలో, అర్ధరాత్రమున మన చేతులలోను ఏది యున్నదో దానిని గూర్చి విమర్శకుడు నోరు మెదపకున్నచో, ఇక మాటలాడువారు ప్రకటనకర్తలు మాత్రమే. చదువుకొన్నవారు ఈ చిత్రములను చూడకపోలేదు. చూచి, చూడలేదని చెప్పుచున్నారు. చాటుగా అనుభవించిన దానికి విచారణ యుండదు. విచారణ లేని రుచి మంచిదో చెడ్డదో తేలదు.

జాంబీ యని లోకము పిలుచు ఈ ప్రాణికి (ప్రాణి యనవచ్చునో లేదో) మనకొక మంచి మాట ముందే కలదు: నడపీనుగు. బక్కచిక్కినవానిని, పనికి కాళ్లీడ్చువానిని మన పల్లెలలో ఆ మాటతో తిట్టుదురు. దీని పుట్టిల్లు కరీబియను సముద్రమందలి హైతి. అచ్చటి చెఱకుతోటలలో ఫ్రెంచి దొరలు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలచేత పని చేయించిరి. చచ్చిన పిదపనైనను విశ్రాంతి దొరకునని బానిస యాశపడును. ఆ విశ్రాంతియు దక్కనీయక, మాంత్రికుడు శవమును లేపి మరల పనికి తోలుకొనిపోవునను భయమే హైతి నడపీనుగు. చావుతోనైనను తీరని వెట్టి యన్నమాట. అమెరికా సైన్యము ఆ దేశమునాక్రమించియున్న కాలమున, 1929లో, విలియం సీబ్రూక్ వ్రాసిన గ్రంథము ఈ కథను ఆంగ్లపాఠకులకు చేర్చెను. 1932లో అది 'వైట్ జాంబీ' యను చిత్రమయ్యెను. అందు శవములు చెఱకు గానుగను త్రిప్పుచుండును. జమీందారీలలో నలిగిన సీమవారికి ఈ భయమును గూర్చి టీకాతాత్పర్యములక్కరలేదు.

మాంత్రికుని తీసివేసి శవములను మాత్రము నిలిపినవాడు జార్జి రొమేరో. అతడు 1968లో పిట్స్‌బర్గు నగర సమీపమున తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' చిత్రమునకు అయిన వ్యయము సుమారు 1,14,000 డాలర్లు. అది నలుపు తెలుపు చిత్రము. రక్తమునకు చాక్లెట్ పాకము వాడిరి. శవములు నమలు మాంసము కసాయి అంగడినుండి వచ్చినది. పంపిణీదారులు చిత్రము పేరు మార్చునప్పుడు హక్కుల ప్రకటనను చేర్చుట మఱచిరి. అందుచే అది యెవరి సొత్తును గాక, కోరినవారెల్ల నకలు తీసి అమ్ముకొనుటకు వీలయ్యెను. జాంబీ యను మాట అందొక్కమారైనను వినబడదు. అయినను పిమ్మట వచ్చిన నడపీనుగుల చిత్రములన్నియు దాని సంతానమే.

ఇట్టివానిని చూచుటలోని సంతోషమును, దానికంటియున్న సిగ్గును మా నూజివీడు ప్రాంతమువారికి చెప్పుట సులభము. మామిడి తినుటలో మాకు రెండు మర్యాదలు కలవు. బంగినపల్లిని చెక్కు తీసి, ముక్కలుగా కోసి, పళ్లెమున పెట్టి అతిథుల ముందుంచెదము. చిన్నరసమును అట్లు తినరాదు. దానిని రెండు చేతులతో పిసికి, ముచిక తీసి, పెదవులకు తగిలించి పీల్చవలెను. రసము మోచేతివఱకు కారును. పీచు పండ్లలో ఇఱుకును. క్రొత్తల్లుని ముందు ఏ మామగారును ఆ పని చేయడు. అయినను పెరటిలో గంగాళపు నీళ్లలో వేసిన పండ్లలో ముందుగా అయిపోవునది రసమే.

కాని మామిడిరసమునకు లేని సిగ్గు బీభత్సరసమునకెందుకు మిగిలినది? ఇది ఆంగ్లవిద్య తెచ్చిన సిగ్గని కొందఱందురు. సంస్కృతము చదివినవారము గనుక ఆ నింద మొత్తము ఆంగ్లవిద్యపై వేయజాలము. నాట్యశాస్త్రమున భరతుడు భయానకమును, బీభత్సమును రసములుగా నంగీకరించెను. మొదటిదానికి నలుపు వర్ణమును, కాలుని అధిదేవతగను, రెండవదానికి నీలవర్ణమును, మహాకాలుని చెప్పెను. అంతవఱకు గౌరవమే. కాని వాని స్థాయిభావములగు భయమును, జుగుప్సను స్త్రీలకును నీచప్రకృతులకును చెందినవిగా నిర్ణయించినదియు ఆ శాస్త్రమే. ఉత్తముడు భయపడడట; గురువు నెదుటనో రాజు నెదుటనో భయపడినట్లు నటించునట. శృంగారము దొరది, వెఱపు పాలేరుది. ఈ పంపకము రసమీమాంస కాదు, ఆస్తి పంపకము. పండితుడు నడపీనుగుల చిత్రమును చూచుచు తలుపు గడియ వేసికొనుటకు కారణము ఆ చిత్రము చెడ్డదగుట కాదు. భయపడుచుండగా ఎవరైన చూతురేమో యను సంకోచము.

కవులు ఈ పంపకమును లెక్కచేయలేదు. ఎనిమిదవ శతాబ్దిలో భవభూతి మాలతీమాధవము ఐదవ అంకమున సాక్షాత్తు నాయకునే శ్మశానమునకు పంపెను. ప్రేయసి దక్కదను నిరాశతో మాధవుడు పిశాచములకు నరమాంసము విక్రయింపబోవును. అచ్చట ప్రేతము శవమును చీల్చి తినుటను వర్ణించిన శ్లోకమును మమ్మటుడు కావ్యప్రకాశమున బీభత్సమునకు ఉదాహరణముగా గ్రహించెను. తరగతిలో ఆ శ్లోకమును తలవంచుకొని దాటించు అధ్యాపకులను మేమెఱుగుదుము. విద్యార్థులకు మాత్రము తక్కినవి మఱచినను అది మఱపునకు రాదు. నన్నయచే భారతమును వ్రాయించిన రాజరాజనరేంద్రుని కుమారుడు కులోత్తుంగచోళుడు. అతని కళింగవిజయమును కీర్తించిన తమిళకావ్యము కళింగత్తుప్పరణిలో దయ్యములు రణరంగమున శవములతో అంబలి కాచుకొని త్రాగును. గ్రీకుల అరిస్టాటిలు సైతము, ప్రత్యక్షముగా చూడజాలని నీచజంతువులను, శవములను చిత్రమున చూచి సంతోషింతుమని ఒప్పుకొన్నాడు. 1947లో పుట్టిన 'చందమామ' పత్రికను చదివి పెరిగిన మనమందఱము భుజమున శవమును మోయు రాజును బాల్యమునుండి ఎఱుగుదుము. ఆ బొమ్మను ఏ తల్లియు చింపివేయలేదు.

అయితే బేతాళునకును నడపీనుగునకును ఒక భేదము కలదు. మా విమర్శయంతయు దానిపై నాధారపడియున్నది. బేతాళునకు శవము అద్దెయిల్లు మాత్రమే. లోపలివాడు మహావక్త, ధర్మజ్ఞుడు. కథ చెప్పును, చిక్కుప్రశ్న వేయును, తెలిసియు చెప్పకున్న తల పగులునని బెదరించును. నడపీనుగు లోపల ఎవ్వరును లేరు. అది ప్రశ్న వేయదు, పగ పట్టదు, బేరమునకు రాదు. కాబట్టి ధర్మసందేహము ఇంటిలో గడియ వేసికొని కూర్చున్న బ్రదికినవారిపై పడును. బయటనున్నవాడు తలుపు తట్టుచున్నాడు. వాడు మనుష్యుడా, శవమా? తలుపు తీయవలెనా, వలదా? మంచి నడపీనుగుల చిత్రమంతయు ఈ తలుపు చుట్టునే తిరుగును. అడవిలో శవమును మోసిన విక్రమార్కునికంటె ఈ కష్టము తక్కువది కాదు.

ఇక చౌకదనమును గూర్చి. వేసవిలో మా ప్రాంతపు తోటలలో రాత్రి కాపలా యుండును. కాయ కోతకు వచ్చినది మొదలు పాకలో ఒక మంచము, ఒక దీపము, ఈ కాలమున ఒక ఫోను. ఒక సెలవులలో మేమును కాపలా కుఱ్ఱవాండ్ర నడుమ కూర్చుంటిమి. మాస్టారు వచ్చిరని మొదట ఫోను దాచిరి. మేము మంచముపై సర్దుకొని కూర్చుండుట చూచి మరల తీసిరి. అది ఏదియో విదేశచిత్రము, తెలుగు మాటలు అతికించినది. శవముగా నటించువాని మెడవద్ద రబ్బరుతొడుగు లేచిపోవుచున్నది. ఒకడు దానిని వ్రేలితో చూపి నవ్వెను, అందఱును నవ్విరి. అంతలో చెట్టునుండి పండొకటి ఎండుటాకులపై పడెను. నవ్విన నోళ్లే మూతపడెను. ఎవ్వరును వెనుకకు తిరిగి చూడలేదు.

రబ్బరు కనబడుటయు, గుండె ఝల్లుమనుటయు ఒక్క నిమిషములో ఎట్లు పొసగినవి? తోలుబొమ్మలాట చూచిన తాతలకిది వింత కాదు. బొమ్మ కాలు విఱిగి దారముతో కట్టియున్నను హనుమంతుడు సముద్రము దాటెను. కొఱవడిన సగమును చూచువాడు పూరించును. తాను పూరించినది గనుక అది తనదై యుండును. కోట్లు వెచ్చించి యంత్రములతో గీయించిన రాక్షసుని ముందు మన యూహకు పని మిగులదు. కూర్చుండి బిల్లు చూచినట్లుండును. చౌక చిత్రము మనలను పనిలో పెట్టును. కాని చౌక వేఱు, అశ్రద్ధ వేఱు. రబ్బరు ఊడుట దారిద్ర్యము. శవము తలుపు తెఱచుకొని పోవుటకు కారణమే లేకుండుట సోమరితనము. మొదటిదానిని క్షమింతుము, రెండవదానిని క్షమింపము. నూటికి తొంబది చిత్రములు రెండవ నేరమున పట్టుబడునని ఒప్పుకొనక తప్పదు.

ఈ భేదమును జపానుదేశీయుడు షినిచిరో ఉయెదా చిత్రముగానే తీసి చూపెను. 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' అను అతని 2017 నాటి చిత్రమునకు పెట్టుబడి సుమారు 30 లక్షల యెన్నులు మాత్రమే. మొదటి 37 నిమిషములు కత్తిరింపు లేని ఒకే దృశ్యము. అందన్నియు తప్పులే: నటులు మాట మఱచినట్లు నిలుచుందురు, కెమెరా నేలపై పడియుండును. విసిగి లేచిపోవువారు లేచిపోవుదురు. పిమ్మటి భాగమున ఆ 37 నిమిషములు వెనుకనుండి ఎట్లు తయారయినవో కనబడును. ప్రతి తప్పు వెనుక ఒకని తిప్పలు! పైనుండి తీయవలసిన కడపటి దృశ్యమునకు తెచ్చిన యంత్రము విఱిగిపోవగా, పనివారందఱు ఒకరి వీపుపై నొకరెక్కి, ఉట్టి కొట్టువారివలె, కెమెరాను మీదికెత్తుదురు. నడపీనుగుల చిత్రమునుండి ఇంత ఆప్యాయత పుట్టునని మేమూహింపలేదు.

సంస్కర్తలగు మా మిత్రులు ఇంతవఱకు ఓపికతో విని, అసలు ప్రశ్న వేయుదురు: దయ్యముల చిత్రములు జనులలో మూఢవిశ్వాసమును పెంచుటలేదా? పెంచుచున్నవి. చిల్లంగి, చేతబడి, బాణామతి యను అపవాదులతో మన తెలుగు పల్లెలలో మనుష్యులను కొట్టి చంపిన వార్తలు మనమెఱిగినవే. అందుచేతనే ఏ భయచిత్రమునైనను మేమొక్క ప్రశ్నతో పరీక్షింతుము: దీనిలో కీడునకు కారకుడెవడు? మంత్రగాడని కథ చెప్పినచో, మంత్రగాండ్రను వెదకుడని చెప్పినట్లే. 2023 ఏప్రిల్ 21న విడుదలయిన 'విరూపాక్ష'ను చూడుడు. కథ 1979లో మొదలగును; క్షుద్రపూజలు చేయుచున్నారని గ్రామస్థులు దంపతులను సజీవముగా దహింతురు. తీసిన తీరు గట్టిది, హాలులో మేమును వణకితిమి. కాని కొన్నియేండ్ల పిమ్మట మృత్యుపరంపర మొదలయి, ఆ క్షుద్రవిద్య నిజమేనని కథ తేల్చును. అనగా నిప్పు పెట్టినవారి అనుమానమునకు చిత్రము సాక్ష్యము పలికినది. ఇది పెద్ద నటులతో, మంచి సాంకేతికులతో తీసిన మర్యాదగల చిత్రము. కుటుంబములతో కలసి చూచితిమని బహిరంగముగా చెప్పుకొనిరి. పాకలో చాటుగా చూచిన రబ్బరుశవమో? దానికి మంత్రము లేదు, ప్రయోగించినవాడు లేడు, విరుగుడు తాయెత్తు లేదు. ఆ చిత్రమును చూచి ఎవ్వడును పొరుగింటి ముసలమ్మను అనుమానింపడు. సిగ్గు పడవలసినది ఏ చిత్రమునకో చదువరులే తూచవలెను.

తెలుగున మొదటి జాంబీ చిత్రమను ప్రకటనతో 'జాంబీరెడ్డి' 2021 ఫిబ్రవరి 5న, వ్యాధికాలమున మూతపడిన హాళ్లు మరల తెఱచుకొన్న కొలది నెలలకు వచ్చెను. (హిందీలో 2013 నాటి 'గో గోవా గాన్' తీసిన రాజ్, డీకేలు తెలుగువారే, తమిళమున 2016లో 'మిరుతన్' వచ్చినది.) దర్శకుడు ప్రశాంత్ వర్మ, నాయకుడు తేజ సజ్జా. పెండ్లికని కర్నూలు సీమకు పోయిన మిత్రబృందము ముఠాకక్షల నడుమను, శవముల నడుమను చిక్కుకొనును. హాస్యము సగము చోట్ల పాతసరుకే. రాయలసీమయనగానే కొడవలి చూపు అలవాటును ఈ చిత్రమును మానలేదు. అయినను అందొక చక్కని యూహ కలదు. దర్శకుడు కోరి పెట్టెనో, తానై కుదిరెనో చెప్పజాలము. 1999 నాటి 'సమరసింహారెడ్డి' మొదలుకొని కక్షల చిత్రములలో నాయకుని కొడవలికి నూర్గురు కూలుదురు. ఆ నూర్గురి పేరెవడు నడుగడు. వారి భార్యలెవరో తెఱపై రారు. వారు మరల లేవరు. ఇచ్చట లేచిరి. కొడవలికి భయపడని దేహములు కొడవలి పట్టినవారిపైకి వచ్చినప్పుడు, ఇరువది యేండ్ల తెలుగు చిత్రములలో అనామకముగా పడిపోయినవారందఱు లెక్క అడుగవచ్చినట్లు మాకు తోచెను. 2002 నాటి 'ఇంద్ర'లో బాలుడుగా నటించిన తేజయే ఇందు నాయకుడగుట విశేషము. హాలులో జనులు విరగబడి నవ్విరి. మేమును నవ్వితిమి, కాని ఆ లెక్క నవ్వులో కొట్టుకొనిపోవుట కొంత నష్టమే.

మూఢవిశ్వాసమునకంటె లోతైన ఆక్షేపణ వేఱొకటి కలదు. దానిని మా మిత్రులు తలపెట్టలేదు గనుక మేమే తలపెట్టుచున్నాము. మా తోటలలో అంటు అనగా మంచి మాట. అంటు కట్టనిదే మేలుజాతి మామిడి లేదు. తోట దాటి ఊరిలోనికి వచ్చినచో ఆ మాటయే అంటువ్యాధి యగును. మఱికొంత దూరము పోయినచో అంటరానివాడగును. నడపీనుగు కాటు ఈ రెండవ, మూడవ అర్థములలోనిది. తగిలినచో మనమును వానివలె అగుదుము. కావున తగులకముందే కొట్టవలెను. కొట్టినను పాపము లేదు, ఏలయన వాడు మనుష్యుడు కాడు. రెండు గంటలపాటు తెఱపై గుంపులు గుంపులుగా తలలు పగులుచుండగా మనము పొందు ఉల్లాసములో ఈ అనుమతియే సగమున్నది. సంతోషము చాటుమాటుగా ఉండుటకు న్యాయమైన కారణమేదైనను ఉన్నచో ఇదియే. రబ్బరు కాదు, రక్తము కాదు.

ఇది తెఱకు మాత్రము పరిమితమైన మాటయని ఎవ్వరును అనజాలరు. 2020 మార్చి 25 నుండి దేశమంతయు స్తంభించిన దినములు మామిడి కాపు చేతికి వచ్చు దినములు. అప్పుడు పల్లెల పొలిమేరలలో ముండ్లకంపలు అడ్డముగా వేసి దారులు మూసిరి. పట్టణమునుండి నడచి సొంత ఊరు చేరినవారిని ఊరివెలుపల నిలిపిరి. వ్యాధితో చనిపోయినవారి దేహములను శ్మశానమునకు రానీయక అడ్డగించిన ఉదంతములు అనేకములు ఆ కాలపు పత్రికలలో వచ్చినవి. అడ్డగించినవారు రాక్షసులు కారు. మన చుట్టములు, మన శిష్యుల తలిదండ్రులు. తలుపు తీయవలెనా వలదా యను ప్రశ్నకు మేధావులు, మూర్ఖులు అను భేదము లేక ఊరంతయు ఒక్క జవాబే చెప్పినది.

అందుచే నడపీనుగుల చిత్రములలో మేము మంచిచెడ్డలను నిర్ణయించు కొలత మేకప్పు కాదు. కొట్టుటకు అనుమతి ఇచ్చి మనలను ఇంటికి పంపునా, లేక ఆ అనుమతిని ఎక్కడనైనను మన చేతినుండి లాగికొనునా యని చూతుము. రొమేరో లాగికొనెను. అతని చిత్రమున రాత్రియంతయు ఇంటిని కాపాడినవాడు బెన్ అను నల్లజాతి యువకుడు. డ్యూయేన్ జోన్స్ ఆ పాత్రను ధరించెను. తెల్లవారునప్పటికి ఆ యింట వాడొక్కడే మిగులును. బయట తుపాకులు పట్టిన గ్రామీణులు, కుక్కలతో, శవములను వేటాడుచు వత్తురు. అలికిడి విని నేలమాళిగనుండి పైకి వచ్చి కిటికీ కడ నిలిచిన బెన్‌ను దూరమునుండి చూచి, వీడును శవమే యనుకొని కాల్తురు. పిమ్మట మాంసము పట్టు కొక్కెములతో ఈడ్చి, తక్కిన శవములతోపాటు మంటలో వేయుదురు. ఆ కడపటి దృశ్యములు కదలని ఛాయాచిత్రములుగా, వార్తాపత్రికలోని బొమ్మలవలె వచ్చును. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగు హత్య జరిగినది. ఆ యక్టోబరులో ఈ చిత్రము విడుదలయినది. చూచిన అమెరికావారికి వేఱుగా వ్యాఖ్యానము కావలసివచ్చియుండదు.

ఆ చిత్రమును మేము కాపలా కుఱ్ఱవాండ్రకు చూపితిమి. నలుపు తెలుపని మొదట గొణిగిరి. చాక్లెట్ పాకము మాట చెప్పగా నవ్విరి. తుపాకి మ్రోగిన పిదప నవ్వు లేదు. వారిలో పదియవ తరగతి ముగించిన బాలుడు, ఊరిచివర పేటలోనివాడు, కొంతసేపటికి అడిగెను: "కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు నేను మనిషినే అని అరవలేదేం మాస్టారూ?" మేము ఫోను తీసికొని, దృశ్యమును రెండు నిమిషములు వెనుకకు జరిపి, వాని చేతికిచ్చితిమి.